సుజాతమ్మ అసలు పేరు

ముప్ఫై ఏళ్లుగా సుజాతమ్మ దాచుకుంటూ వచ్చిన సంగతి, కోడలికి కాన్పయిన మూడో రోజున బళ్లారి ఆస్పత్రిలో బయటపడింది. ఇంటికి పంపే ముందు రోగి వెంట ఉన్నవాళ్ల ఆధార్ కార్డు కావాలన్నారు. ఆ సమయానికి సుజాతమ్మ కింద క్యాంటీనులో ఫ్లాస్కులోకి పాలు పోయించుకుంటోంది. చేతిసంచి మాత్రం కోడలి మంచం పక్కనే ఉంది. అత్త కార్డే కదా అని కోడలు బిందుశ్రీ సంచిలోంచి తీసి నర్సు చేతికిచ్చింది. నర్సు ఒకసారి చదివి, మళ్లీ చదివి, "మసూరి అంటే యారమ్మా?" అని అడిగింది.

"మసూరి ఎవరూ లేరే. మా అత్త పేరు సుజాత."

నర్సు కార్డు తిప్పి చూపించింది. ఫోటోలో ఉన్నది అత్తే. అదే పెద్ద బొట్టు, ఫోటో అనగానే బిగుసుకుపోయే అదే మొహం. పక్కన కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ మసూరి అనే ఉంది.

పాలతో పైకొచ్చిన సుజాతమ్మ కోడలి మొహం చూసింది, నర్సు చేతిలోని కార్డు చూసింది. దొంగతనంలో దొరికిపోయిన మనిషిలా గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది అత్తా ఇది?"

"ఏముండాది, పాత పేరు. దాని సంగతి ఇప్పుడెందుకు? పాపకు పాలిచ్చినావా?" అంటూ కార్డు తీసుకుని సంచి అడుగుకు తోసేసింది.

సుజాతమ్మ పుట్టింది బళ్లారి నుంచి కంప్లి పోయే దారిలోని ఎమ్మిగనూరు దగ్గరి ఒక క్యాంపులో. తుంగభద్ర కాలువ నీళ్లు పారాక గోదావరి జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కున్న వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఈ పక్క క్యాంపులనే అంటారు. ఆమె తండ్రి చెన్నకేశవరావు అట్లా వచ్చినవాడే. పెద్దకూతురికి ముచ్చటగా ఉష అని పెట్టుకున్నాడు. మూడేళ్ల తరువాత పుట్టిన రెండోదానికి మాత్రం ఎందుకోగాని వరి పేరు పడింది.

బడిలో హాజరు పిలిచే పంతులు ఆమె పేరు దగ్గరికి రాగానే కళ్లద్దాల మీదుగా చూసి, "మసూరీ, పచ్చిబియ్యమా, ఉప్పుడు బియ్యమా?" అనేవాడు. రోజూ అదే మాట. రోజూ తరగతంతా మొదటిసారి విన్నట్టే నవ్వేది. కంప్లి సంతకు పోతే తెలిసినవాళ్లు, "ఏమప్పా చెన్నకేశవరావూ, మసూరిని బస్తాలో వేసుకురాకుండా నడిపించుకొస్తాండావే?" అనేవాళ్లు. నాన్న కూడా వాళ్లతోపాటు నవ్వేవాడు.

ఈ నవ్వులన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది అక్క ఉష చెప్పిన మాట. ఒకరోజు ఇద్దరికీ ఏదో పేచీ వచ్చి ఉష అనేసింది: "నువ్వు పుట్టినప్పుడు, మళ్లీ ఆడపిల్లేనా అని నాన్న మొహం తిప్పుకున్నాడు. పేరేం పెడదామంటే, ఎదురుగా ఉన్న బస్తా మీద ఏది రాసుంటే అది పెట్టుకోండి అన్నాడు."

అప్పటికి చెల్లెలికి ఏడేళ్లు. తల్లి సీతామహాలక్ష్మి అంతకు ముందటి ఏడే జ్వరం తగిలి పోయింది. ఇక అడగాలంటే తండ్రినే అడగాలి. ఆయన కూతుళ్లను పల్లెత్తు మాట అనేవాడు కాదు, సాయంత్రం పొలం నుంచి వస్తూ ఇద్దరికీ చెరో చెరుకు గడ తెచ్చేవాడు. అందుకే ఆమెకు నోరు రాలేదు. అడిగాక ఆయన అవునంటే? ఆ భయంతోనే పెరిగి పెద్దదైంది. ఆ భయంతోనే పెళ్లిపీటల మీద కూర్చుంది. పెళ్లినాడు అత్తగారు, "ఈ పేరు పెట్టి పిలిస్తే డబ్బాలోని బియ్యం కూడా పలుకుతాయి" అని నవ్వి, కొత్తకోడలికి సుజాత అని పేరు మార్చింది. ఇంకెవరైనా అయితే చిన్నబుచ్చుకునేదేమో. ఈమెకు మాత్రం ఆ పూట పెట్టిన నగలకన్నా ఆ పేరే ఎక్కువ నచ్చింది.

అంతే. అప్పటినుంచి సిరుగుప్ప పక్కనున్న అత్తవారి క్యాంపులో ఆమె సుజాతమ్మే. భర్త వెంకటరత్నానికి తెలుసు, కొడుకు నాగార్జునకు తెలుసు. ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది. కార్డులో మాత్రం బడి కాగితాల్లోని పేరే పడింది. ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చాక ఆ కార్డు రోజూ చూపించాల్సి వచ్చి, పేరు మీద బొటనవేలు పెట్టి చూపించడం అలవాటు చేసుకుంది. కండక్టర్లకు ఫోటో కనిపిస్తే చాలు.

బిందుశ్రీ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఆమె పుట్టింటివాళ్లు బళ్లారి పక్కన మోకలో ఎన్నో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లు. ఆ పిల్ల వ్యవసాయం చదివి, రైతు సంపర్క కేంద్రంలో ఉద్యోగం చేస్తోంది. రైతులు తెచ్చిన తెగులాకును అటు తిప్పి ఇటు తిప్పి, కారణం తెలిసేదాకా కింద పెట్టదు. ఆస్పత్రి నుంచి పుట్టింటికి చేరింది గాని, మనసంతా ఆ పేరు మీదే ఉంది.

పన్నెండో రోజున సుజాతమ్మ శొంఠి ఉండలు చేసుకుని మోకకు వెళ్లింది. వియ్యపురాలు శరణమ్మ ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది. పాప అప్పుడే నీళ్లు పోయించుకుని, సాంబ్రాణి వాసన వేస్తూ, పిడికిళ్లు బిగించి నిద్రపోతోంది. సుజాతమ్మ ఒళ్లోకి తీసుకుని ఆ పిడికిలి విప్పబోతుండగా బిందుశ్రీ అంది:

"అత్తా, పేరు నిర్ణయమైపాయ. ఇరవై ఒకటో దినం తొట్లలో వేసి పిలుస్తాం."

"ఏం పేరు?"

"మసూరి."

సుజాతమ్మకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "తమాషా చేస్తాండావా?"

"నీ మనవరాలి మీద ఒట్టు. నాగార్జున కూడా సరే అన్నాడు."

"నేను సరే అనలేదు. ఆ పేరు నాతోనే పోనీ. పసిబిడ్డను బడికి పంపి నలుగురిలో నవ్వులపాలు చేస్తావా?"

"నవ్వేదేముండాది అత్తా? నీ పేరు ఎంత దూరం నుంచి వచ్చిందో తెలుసా? మా పై ఆఫీసరును అడిగినా. ఆ ఇత్తనం మన దేశానిది కాదంట. అరవై ఏండ్ల కిందట మలేషియా నుంచి వచ్చిందంట. అక్కడ మసూరి అనేది ఆడమనిషి పేరు. ముందు మనిషి పేరు, ఆ తర్వాతే వరి పేరు. నిన్ను బియ్యం పేరుతో పిలవలేదు, బియ్యాన్నే నీ పేరుతో పిలుస్తాండారు!"

వినడానికి బాగానే ఉంది. ఒక్క క్షణం సుజాతమ్మ మొహం వెలిగింది కూడా. అంతలోనే తల అడ్డంగా ఊపింది. "వాళ్లు తెలిసి పెట్టుకున్నారు. మా నాన్నకు మలేషియా యాడుందో తెలుసా? ఆయనకు తెలిసింది ఎదురుగా ఉన్న బస్తా."

"బస్తా ఏంది?"

ఎన్నడూ ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పింది. చెబుతున్నంతసేపూ పాప మొహంలోకే చూస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది. శరణమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడి వింది.

బిందుశ్రీ ముందుకు వంగింది. "ఈ మాట తాత చెప్పినాడా?"

"లేదు. అక్క చెప్పింది."

"నువ్వు పుట్టినప్పుడు ఉష పెద్దమ్మకు ఎన్నేండ్లు?"

"మూడు."

"మూడేండ్లప్పటి సంగతి ఆమెకేం గుర్తుంటాది? ఆ మాట నమ్మి ఇన్నేండ్లు బాధపడినావా అత్తా!" అంటూనే ఫోను తీసింది. సుజాతమ్మ వద్దు వద్దంటున్నా సింధనూరులో ఉన్న ఉషకు కలిపి, అందరికీ వినిపించేలా పెట్టింది.

ఉష మొదట ఏమీ గుర్తులేదంది. బస్తా మాట ఎత్తగానే అవతల నుంచి పెద్ద నవ్వు వినిపించింది. "ఓసినీ! అది నేనల్లిన కథే! నా ఎర్ర రిబ్బను చింపేసినావు నువ్వు. కోపం పట్టలేక అన్నా. మరుసటి రోజుకు నేనే మరిచిపోయినా." నవ్వుతున్నది కాస్తా ఆగింది. "ఏమే, మాట్లాడవే? నిజమనుకున్నావా? ఇన్నాళ్లూ?"

సుజాతమ్మ పాపను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. "ఊఁ" అంది.

"అయ్యో నా తల్లీ! తప్పయిందే. చెంపలు వాయించుకుంటాండా, నీకు కనబడదు గాని." ముక్కు చీదిన శబ్దం వచ్చింది. "అసలు పేరెవరు పెట్టినారో నాకూ తెలీదు. మన మళ్లలో పనికొచ్చేదే, ఆ కెంచమ్మకు తెలుసు. నువ్వు పుట్టినప్పుడు అమ్మ దగ్గర ఉన్నది ఆమే. ఎమ్మిగనూరు బస్టాండు కాడ కూతురి వగ్గాణి అంగట్లో కూచోనుంటాది. పోయి అడుగు. నాకూ చెప్పు."

ఆ రాత్రి మోకలోనే ఉండి, తెల్లవారగానే సుజాతమ్మ బయల్దేరింది. బళ్లారిలో బస్సు మారింది. కంప్లి బస్సు కిక్కిరిసి ఉంది. కురుగోడుకు పోయే ఒక బురఖా ఆమె జరిగి చోటిచ్చింది. కండక్టరు రాగానే అలవాటుగా కార్డు మీద బొటనవేలు పెట్టి చూపించింది. ఈ కండక్టరు కొత్తవాడు, నిబంధనల మనిషి.

"వేలు తియ్యమ్మా."

తీసింది. అతను చదివి, ఊళ్లో దండోరా వేసేవాడిలా "మసూరి!" అన్నాడు. ముందు సీట్లలోని నాలుగు తలలు వెనక్కి తిరిగాయి. సుజాతమ్మ కొంగు మొహానికి లాక్కోబోయింది. అంతలో పక్కనామె ఆసక్తిగా అడిగింది.

"మషూరా? ఏం మంచి పేరమ్మా! ఎవరు పెట్టినారు?"

"అదే తెలుసుకుందామని పోతాండా. మషూర్ అంటే ఏంది?"

"మా మాటలో నలుగురిలో పేరుండే మనిషిని మషూర్ అంటాం. ఊరంతా తెలిసినామె అని."

"అట్లయితే ఈమెకు టికెట్టే అక్కర్లేదు," అన్నాడు కండక్టరు సున్నా టికెట్టు చింపి ఇస్తూ.

"ఆడోళ్లెవరికీ అక్కర్లేదు కదప్పా!" అంది పక్కనామె. బస్సులో నవ్వు లేచింది. సుజాతమ్మకు ఆశ్చర్యమేసింది. తన పేరు పలికాక వచ్చిన నవ్వులో తానూ కలవడం ఆమెకు అదే మొదలు.

ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర వగ్గాణి అంగడి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. మిరపకాయ బజ్జీల వాసనే దారి చూపింది. కూతురు బాండలి ముందు నిలబడి బజ్జీలు తీస్తోంది. కెంచమ్మ పక్కనే పీట మీద కూర్చుని, వగ్గాణి తాలింపు కోసం బొరుగులను నీళ్లలో ముంచి, పిండి, పళ్లెంలో వేస్తోంది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. చేతులు మాత్రం ఇంకా నాట్లేసే చేతుల్లాగే చకచకా ఆడుతున్నాయి.

"అవ్వా, నేను చెన్నకేశవరావు చిన్న కూతుర్ని," అంది సుజాతమ్మ.

కెంచమ్మ చెయ్యి ఆగింది. తలెత్తి చూసింది. మొహమంతా ముడతలు విచ్చుకున్నాయి.

"మసూరీ! మా మసూరివా నువ్వు! మీయమ్మ ముక్కే ఉండాది చూడు. ఏమ్మీ, ఇన్నేండ్లకు దారి తెలిసిందా?" తడి చేతులతోనే ఆమె రెండు బుగ్గలూ పట్టుకుంది. ఆ పేరును అంత ఇష్టంగా పలికినవాళ్లను ఆమె ఎరగదు. పలికినతీరుకే సగం ముడి వీడిపోయింది. ఇకనుంచి మనమూ ఆమెను మసూరి అనే పిలుద్దాం.

"అవ్వా, నాకు ఈ పేరు ఎవరు పెట్టినారు? మా నాయనేనా?"

"మీ నాయనా? ఆయప్ప వద్దంటే వద్దని కూచోనుండె. పెట్టింది మీయమ్మ."

కూతురికి చెప్పి ఒక వగ్గాణి, రెండు బజ్జీలు తెప్పించి మసూరి చేతిలో పెట్టించి, కెంచమ్మ మొదలుపెట్టింది.

"అప్పుడు అందరూ ఐ.ఆర్. ఎనిమిది వడ్లే వేస్తాండ్రి. పంట బాగానే వచ్చేది గాని, అన్నం నోట్లో పెట్టుకుంటే మింగుడు పడేది కాదు. మీయమ్మకైతే అసలు పొయ్యేది కాదు. నిన్ను మోస్తాంది కదా. ఆ ఏడు మీ మేనమామ గోదావరి నుంచి వస్తూ పాత పంచెలో కొంచెం ఇత్తనం మూట కట్టుకోని వచ్చె. మసూరి అని. ఇది వెయ్యి బావా, అన్నం వెన్నలా ఉంటాదని చెప్పె. మీ నాయన, అంత ఎత్తు పెరిగే పైరు గాలికి పడిపోతాది, నా మళ్లు పాడుచేసుకోనుపో అనె. మీయమ్మ ఊరుకుంటాదా? మూడు దినాలు ఆయప్పతో మాట్లాడలే."

"మా అమ్మా?" మసూరికి తల్లి గురించి గుర్తున్నవి ఒకటి రెండే. తడి జుట్టు వాసన, తలుపు వెనక నుంచి వినిపించే గాజుల చప్పుడు. ఆమె కోపం సంగతి ఎవరూ చెప్పలేదు.

"మీయమ్మే. ఆఖరికి మీ నాయన, కాలువ పక్క చవుడు మడి ఉండాదే, అరెకరా, ఎందుకూ పనికిరానిది, అది తీసుకోపో అనె. నేనూ మీయమ్మే నారు పోసినాం. ఇత్తనం తక్కువ కదా, ఒక్కొక్క పోచే నాటినాం. నాలుగో నెల కడుపుతో ఆయమ్మ మడిలో దిగి నాటె. క్యాంపులో ఆడోళ్లు గట్టు మీద నిలబడి ముక్కున వేలేసుకుండ్రి. దొరసాని మడిలోకి దిగెనే అని."

"పండిందా?"

"ఉండు, చెప్పనీ. పైరు నా భుజానికి వచ్చె. వెన్ను వేసి, గింజ గట్టిపడతాంది అనంగా గాలివాన. తెల్లారి పోయి చూస్తే మడంతా చాప పరిచినట్టు పడిపోయుండె. మీ నాయన గట్టు మీద నిలబడి ఒక్క మాట అన్లే. చెప్పినా కదా అన్నట్టు చూసి పాయ. నేను ఏడుస్తాంటే మీయమ్మ కొంగు బిగించె. కెంచీ, ఏడ్చేది రేపు, పట్టు అనె. ఇద్దరం కలిసి నాలుగు నాలుగు దుబ్బులు లేపి, జడ వేసినట్టు ఒకదానికొకటి ముడేసి నిలబెట్టినాం. మూడు దినాలు పట్టె. ఏడు నిండి ఎనిమిదో నెల. వంగలేక మోకాళ్ల మీద నడుస్తా కట్టె ఆయమ్మ. మూడో దినం చూస్తే మీ నాయన అవతలి చివర నుంచి కడతా వస్తాండాడు. మాట లేదు, పలుకు లేదు. పంచె ఎగ్గట్టి కడతానే ఉండాడు."

మసూరి చేతిలో వగ్గాణి చల్లారిపోతోంది. ఆ మడి ఆమెకు తెలుసు. చిన్నప్పుడు దాని గట్టు మీదే ఆడుకుంది. పంచె ఎగ్గట్టి, నోరు మెదపకుండా వంగి పనిచేసే తండ్రి కళ్లకు కట్టాడు.

"పది మూటలు వచ్చె, ఆ పనికిరాని అరెకరాలో! నూర్పిడి అయిన మూడో దినం నువ్వు పుట్టితివి. మంత్రసాని వచ్చేలోపలే నా చేతుల్లోకి వచ్చేస్తివి. కొత్త బియ్యం అప్పుడప్పుడే దంచినాం. మీ నాయనకు నేనే వండి పెడితి. మొదటి ముద్ద తిని ఆగె. రెండోది తినె. మూడోసారి అన్నం పెట్టమని కంచం నా వైపు తోసె. ఆయప్ప నోటితో బాగుండాదని అన్లే గాని, ఆ కంచం తోసింది చూసి మీయమ్మ మంచం మీంచి నవ్విన నవ్వు, అబ్బా, ఇప్పటికీ నా చెవుల్లో ఉండాది."

"మరి పేరు?"

"దానికే వస్తాండా. సంగతి ఊరూరికీ పాకె. కంప్లి నుంచి, కురుగోడు నుంచి ఇత్తనానికి వస్తాండ్రి జనం. వాకిట్లో నిలబడి 'మసూరి ఉండాదా?' అని అడిగేది. మీయమ్మ నిన్ను ఎత్తి చూపించి 'ఇదిగో ఉండాది' అని నవ్వేది. చూడ్డానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఒడిలో శేరు ఇత్తనం పోసి పంపించె. మొదట పోసింది నా ఒడిలోనే. తొట్లలో వేసే దినం మీ నాయన ఏదో దేవత పేరు రాసుకోని వచ్చె. మీయమ్మ ససేమిరా అనె. మనిషికి పెట్టే పేరా అది అని ఆయప్ప కోప్పడె. అప్పుడు మీయమ్మ నలుగురిలో ఏమనిందో తెలుసా?"

కెంచమ్మ ఆగి, కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆ మాట తడి చేతులతో చెప్పకూడదన్నట్టు.

"'నా చేతుల్లో పండింది ఒకటి, నా కడుపున పండింది ఒకటి. రెండిటికీ ఒకటే పేరు. ఇష్టమైనోళ్లు పిలవండి, లేనోళ్లు ఊరుకోండి' అనె. మీ నాయన కాసేపు అట్లే చూసి, పగలబడి నవ్వె. తానే మొదట నీ చెవిలో పిలిచె."

మసూరి కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. తుడుచుకోలేదు. నవ్వు కూడా వస్తోంది, రెండూ ఒకేసారి వచ్చి ఆమెను ఊపేశాయి. బజ్జీ కొనడానికి వచ్చిన ఒక ముసలాయన కంగారుపడి, "కారం ఎక్కువైందామ్మా?" అన్నాడు. కెంచమ్మ కూతురు నీళ్ల చెంబు అందించింది. మసూరి ఆ చెంబు పక్కన పెట్టి, చల్లారిన వగ్గాణి అంతా ఒక్క బొరుగు మిగలకుండా తిని, ఇంకొకటి పెట్టమంది.

అక్కడి నుంచే కోడలికి ఫోను చేసింది. "పెట్టుకో. కానీ ఒకటి, ఈరోజు నుంచి నన్ను ఎవరూ సుజాత అని పిలవకండి." అటు నుంచి బిందుశ్రీ వేసిన కేకకు పాప లేచి ఏడ్చిన శబ్దం కూడా వినిపించింది. బస్సులో పక్కనామె చెప్పిన మాట చెబితే బిందుశ్రీ ఆ సాయంత్రమే ఎవరెవరినో అడిగి, "రెండూ ఒకటే మాట కావొచ్చు అత్తా, మలేషియాలో కూడా పేరున్న మనిషిని అట్లాగే అంటారంట!" అని చెప్పింది. మసూరి సంతోషించింది. కానీ ఆ అర్థం ఇప్పుడు ఆమెకు పండగనాటి పులిహోర పక్కన వడ్డించిన పాయసం లాంటిది. ఉంటే ఇంకా బాగు, లేకున్నా కడుపు నిండింది.

ఇంటికి వెళ్లి భర్తకు చెప్పింది. వెంకటరత్నం అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. ఆ తరువాత, "పెళ్లిచూపుల్లో నీ పేరు విన్నప్పుడే నాకు నచ్చింది. మా అమ్మ మార్చినప్పుడు నువ్వే అంత సంబరపడినావు, నేనేమనేది?" అన్నాడు. కాస్త సిగ్గుపడుతూ, నేర్చుకుంటున్నవాడిలా, "మసూరీ, కాఫీ ఉందా?" అని అడిగాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్లింది. ఉషకు ఫోను చేసి చెబితే ఉష ఎంత ఏడ్చిందో అంత నవ్వి, ఇరవై ఒకటో రోజుకు ఒక డజను ఎర్ర రిబ్బన్లు కొనుక్కొస్తానంది.

మోకలో నామకరణం నాడు శరణమ్మ ఇల్లంతా జనం. పెరట్లో పెద్ద గంగాళాల్లో వంటలు ఉడుకుతున్నాయి. నాగార్జున కారు తీసుకువెళ్లి కెంచమ్మను ఎమ్మిగనూరు నుంచి తీసుకొచ్చాడు. ఆమె దారంతా ముందు సీట్లోనే కూర్చుంటానని పట్టుబట్టి, ఆకుపచ్చ ఇలకల్ చీరలో దిగింది. అయ్యవారు పళ్లెంలో బియ్యం పరిచి, బంగారు ఉంగరంతో పేరు రాయమన్నాడు. నాగార్జున వంగి మ రాశాడు, సూ రాశాడు. అయ్యవారు ఆ బియ్యం నాలుగు గింజలు చేతిలోకి తీసుకుని చూసి, "ఇది ఆర్.ఎన్.ఆర్. రకం కదప్పా! పేరు ఒకటి, బియ్యం ఒకటి!" అన్నాడు. ఇల్లంతా ఘొల్లుమంది. "మా అంగట్లో అదే దొరికింది సామీ, మీరు మంత్రం చదవండి," అని శరణమ్మ నవ్వుతూనే గదమాయించింది.

పాపను చెవిలో పిలవడానికి ముందు అందరూ మసూరి వైపు చూశారు. ఆమె ముందుకు రాకుండా కెంచమ్మ చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి నడిపించింది. "నువ్వు పిలువవ్వా. నన్ను ఈ లోకంలో మొదట పట్టుకున్న చేతులు నీవి." కెంచమ్మ ఒద్దంది, నేనేందమ్మా అంది, చివరికి వంగింది. మూడుసార్లు పిలిచింది. మూడోసారి పిలవగానే పాప పెద్దగా ఆవలించింది. అది సరేనన్నట్టే అని ఆడవాళ్లు తేల్చేశారు. శరణమ్మ కన్నడంలో జోలపాట ఎత్తుకుంది. ఉష అందులో ఒక్క ముక్క తెలియకపోయినా గొంతు కలిపింది.

వడ్డనలు మొదలయ్యాక, సిరుగుప్ప క్యాంపు నుంచి పక్కింటి పక్కీరమ్మ ఆలస్యంగా వచ్చింది. బస్సు తప్పిపోయిందని చెబుతూ, చెమట తుడుచుకుంటూ తొట్టిలోకి తొంగి చూసింది.

"ఏం పేరు పెట్టినారు సుజాతా?"

"నా పేరే."

"సుజాతనా? ఈ కాలంలో అంత పాత పేరా?"

"అది కాదు," అని మసూరి ఆమె చెయ్యి పట్టుకుని పంక్తి చివర ఖాళీగా ఉన్న ఆకు ముందు కూర్చోబెట్టింది. తానూ పక్కనే చతికిలబడి, ఆకులో నీళ్లు చిలకరించి, వడ్డించే కుర్రాణ్ని పిలిచి అన్నం పెట్టించింది. "తింటా విను. కొంచెం పెద్ద కథ. మా అమ్మకు ఒకసారి మా నాయన మీద కోపం వచ్చింది..."